ఆత్మసందేహము – దానిని జయించు మార్గము



మితభాషిత్వము వేఱు, ఆత్మసందేహము వేఱు. మొదటిది స్వభావము, రెండవది భయము. తక్కువగా మాటలాడువాడు చక్కగా వ్రాయగలడు, నమ్మకముగా వర్తకమును చేయగలడు. కాని "నా వ్రాత నెవరు చదువుదురు? నా సరకు నెవరు కొందురు?" అను ప్రశ్న మనస్సున నాటుకొన్నచో, వ్రాసినది పెట్టెలోనే యుండిపోవును, నేర్చిన పని బజారు ముఖము చూడదు.

నిజాం రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమని పూర్వమొక పండితుడు వ్రాసెను. సురవరము ప్రతాపరెడ్డిగారు దానికి గ్రంథముతోనే బదులు చెప్పిరి. తమ గోలకొండ పత్రిక ద్వారా కవితలను రప్పించి, 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. ఆ కవులు ఆ సంవత్సరమున పుట్టినవారు కారు. అంతకుముందే తమ తమ యూళ్లలో వ్రాసికొనుచుండిరి. దాచినదానిని లోకము లేనిదానిగానే యెంచునని దీనివలన తెలియుచున్నది.

ఇక మన ప్రాంతపు దృష్టాంతము. అలిశెట్టి ప్రభాకర్ 1954లో జగిత్యాలలో జన్మించెను. చిత్రకారుడు, కవి, ఛాయాగ్రాహకుడు. 1976లో జగిత్యాలలో పూర్ణిమ, 1979లో కరీంనగరులో శిల్పి, 1983లో హైదరాబాదులో చిత్రలేఖ అను స్టూడియోలను నెలకొల్పెను. ఆ కాలముననే ఎర్ర పావురాలు (1978), మంటల జెండాలు (1979), చురకలు (1981), రక్తరేఖ (1985) వెలువడెను. వ్యాపారము కుదుటపడిన పిమ్మట వ్రాయుదమని యాతడు కూర్చుండలేదు. అయినను పేదఱికము విడువలేదు. క్షయవ్యాధితో 1993లో, ముప్పది తొమ్మిదేండ్ల ప్రాయమున మరణించెను. కావున ధైర్యమునకు లాభము తప్పక ఫలమగునని మీకు చెప్పజాలను. కాని యాతని చిన్న కవితలు నేటికిని చదువబడుచున్నవి. పెట్టెలో దాచియుండినచో అదియు లేకపోవును.

నీ చేతిలో నున్నదేమని దేవుడు మోషే నడిగెను.  అది గొఱ్ఱెలకాపరి కఱ్ఱ, అనగా ఆతని వృత్తి పనిముట్టు. పని దానితోనే యారంభమయ్యెను. తాను నోటిమాంద్యము గలవాడనని మోషే దేవునితో మనవి చేసికొనగా, మాటలాడుటకు అహరోను తోడుగా నియ్యబడెను. మనమును చేత నున్నదానితో మొదలిడవచ్చును. మాటనేర్పు గల స్నేహితుని సాయమడుగుట సిగ్గు కాదు. ఒక్క తలాంతు పొందిన దాసుడు దానిని దుర్వ్యయము చేయలేదు. భయపడి భూమిలో దాచెను. అందులకే నిందింపబడెను.

భయము కొలతలేనిది, కొలిచినచో తగ్గును. సాధారణముగా 16 పుటలు ఒక ఫారము. మూడు ఫారములైన 48 పుటల చిన్న పుస్తకమగును. కాగితము, అచ్చు, కుట్టుబడి – వీని వెలలను వేర్వేరుగా వ్రాయించి తీసికొనుడు. అచ్చునకు ముందు నిర్మొగమాటముగా చెప్పగల యిద్దఱిచేత చదివించి, తప్పులను దిద్దుకొనుడు. ఇంటి గ్రాసమునకును, చదువు రుసుమునకును ముట్టని సొమ్ముతో కొలది ప్రతులనే వేయించుడు. పుస్తకాల అంగడిలో ప్రతులుంచినప్పుడు రసీదు పొందుడు. చిల్లర దుకాణమైనను, కుట్టుపనియైనను ఇదే పద్ధతి: ఇంటి లెక్కకు వేఱుగా నొక చిట్టా యుండవలెను. అమ్మకము తగ్గిన దినమున ఆ చిట్టాను చూడుడు. అందున్నది ప్రతుల లెక్కయే గాని మీ విలువ లెక్క కాదు.

ఈ పాఠశాలలో కవితల నోటుపుస్తకమును అట్టల నడుమ దాచుకొన్న విద్యార్థి యుండకపోడు. అతడు సభలో లేచి మాటలాడ నక్కఱలేదు. ఈ వారము ఒక్క పుటను ఒక్క మిత్రునికి చూపిన చాలును.