ఇనుము ఎందుకు వంగదు? ఎలా వంగుతుంది?

మా నాన్న ఆనేకల్‌లో కట్టే ఇళ్లకి కమ్మి పని చేస్తారు. ఆయన "కమ్మి" అంటే, అమ్మ కన్నడలో "కంబి" అంటుంది. పోయిన వేసవి సెలవుల్లో 8 మి.మీ. కమ్మి ముక్క, అడుగు పొడవుది, చేత్తో వంచుతానని తమ్ముడితో పందెం కాశాను. ఓడిపోయాను. ఎందుకు ఓడిపోయానో తెలుసుకుని రాసిన పాఠం ఇది.

బలం అనగానే తెలుగువాళ్లకి గుర్తొచ్చే పేరు కోడి రామమూర్తి నాయుడు. ఉత్తరాంధ్రలోని వీరఘట్టం ఆయన ఊరు. సర్కస్‌లో ఏనుగుని గుండెలమీద ఎక్కించుకునేవారు. ఒంటికి ఇనుప గొలుసు చుట్టించుకుని, ఊపిరి బిగబట్టి తెంచేవారు. కలియుగ భీముడని జనం పిలిచిన ఆయన 1942లో కన్నుమూశారు. ఇదంతా మగవాళ్ల విద్యే అనుకోకండి. ఇంగ్లండ్‌లో జోన్ రోడ్స్ అనే ఆవిడ వేదికలమీద ఇనుప కడ్డీలు వంచి, లావుపాటి టెలిఫోన్ డైరెక్టరీలు చించి పేరు తెచ్చుకున్నారు.

ఇక అసలు పాఠం. మూడు సంగతులు చూడాలి.

ఒకటి, పొడవు. వంగే చోటుకి చేతులు ఎంత దూరంగా ఉంటే అంత సులువు. గడ్డపారతో రాయి లేపడంలో ఉన్న కిటుకే ఇది. అందుకే చిన్న ముక్క మొండికేస్తుంది.

రెండు, మందం. మందం రెండింతలైతే కావలసిన బలం ఎనిమిదింతలు! 8 నుంచి 10 మి.మీ.కి వెళ్తేనే దాదాపు రెట్టింపు.

మూడు, హద్దు. కొంచెం వంచి వదిలితే ఇనుము స్ప్రింగులా వెనక్కి వచ్చేస్తుంది. హద్దు దాటితేనే వంగింది వంగినట్టు ఉంటుంది. కమ్మిమీద 500 అని అచ్చు ఉంటే, చదరపు మిల్లీమీటరుకి 500 న్యూటన్ల దాకా లొంగదని అర్థం. నేను ప్రతిసారీ ఆ హద్దు రాకముందే నొప్పికి చెయ్యి వదిలేశాను.

మీరూ ప్రయత్నిస్తే, సన్నని పొడవాటి కమ్మితో మొదలుపెట్టండి. చేతులకి మందపాటి గుడ్డ చుట్టుకోండి. కొసలు ముఖానికి దూరంగా ఉంచండి. మణికట్టు నొప్పెడితే ఆ రోజుకి ఆపేయండి.

"పెళ్లి కావాల్సిన పిల్ల, చేతులు మొద్దుబారితే ఎలా?" అంది అమ్మ. "నాన్న చేతులు మొద్దుబారాయి కాబట్టే కదమ్మా నేను కాలేజీకి వెళ్తున్నాను" అన్నాను. అమ్మ మాట్లాడలేదు. మర్నాడు పాత టవలు చింపి నా చేతికిచ్చింది.

రెండడుగుల ముక్క వంచేశాను. అడుగు ముక్క ఇంకా వంగలేదు.