చెవికి ఒక్కటే, రాతకు రెండు

చెల్లీ, బిడ్డ ఇంగ్లీషు నోట్సులో ఎర్ర గీతలు చూసి మనసు చిన్నబుచ్చుకున్నావు కదూ? ‘అక్కడ’ అనే దేర్ రాయాల్సిన చోట ‘వాళ్ల’ అనే దేర్ రాశాడనేగా! జనగామలోనైనా, మానుకోటలోనైనా, భూపాలపల్లిలోనైనా మన తల్లుల దిగులు ఇదే. 2022-23లో సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. మనం చదవని భాషలో బిడ్డకు తప్పెట్లా దిద్దాలి?

ముందు ఆ భయం తీసెయ్. తెలుగులో మనం పలికినట్టే రాస్తాం. ఇంగ్లీషు అట్లా కాదు. ‘తెలుసు’ అనే నో ముందున్న కే అక్షరాన్ని ఒకప్పుడు వాళ్లు పలికేవాళ్లు. మాంసం అనే మీట్‌, కలుసుకోవడం అనే మీట్‌ కూడా వేర్వేరుగానే పలికేవాళ్లు. తర్వాత పలుకు మారింది, రాత అట్లాగే ఉండిపోయింది. ఇందులో బిడ్డ తప్పేముంది చెప్పు?

జంట మాటల పట్టిక మాత్రం బట్టీ పట్టించకు. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ఇంకా కలిసిపోతాయి. ఒక్కో మాటనూ రోజూ చూసే దానికి ముడిపెట్టు. సంఘం లోను కాగితంలో అసలును ప్రిన్సిపల్ అంటారు కదా, దాని చివర పీ-ఏ-ఎల్. కాలేజీ ప్రిన్సిపల్‌కూ అదే. నియమం అన్నప్పుడు మాత్రం పీ-ఎల్-ఇ. బైకు చివర కే-ఇ ఉంటుంది, బైకు బ్రేకు చివరా కే-ఇ. విరగ్గొట్టే బ్రేక్ అయితే ఇ-ఏ-కే. మానుకోట స్టేషన్లో కదలకుండా ఆగిన రైలు స్టేషనరీకి ఏ-ఆర్-వై, పెన్నులూ కాగితాల స్టేషనరీకి ఇ-ఆర్-వై.

భూపాలపల్లి చెల్లెళ్లకు ఇంకో చిక్కు. బొగ్గు గని మైన్, ‘నాది’ కూడా మైన్, స్పెల్లింగూ ఒక్కటే. అక్కడ వాక్యమే దిక్కు. అందుకే విడి మాట అడగకుండా, ‘నాన్న గనికి పోయిండు’, ‘ఈ పెన్ను నాది’ అని రెండు వాక్యాలు ఇంగ్లీషులో రాయించు.

కొన్ని జంటలు మన నోట్లోనే కలుస్తాయి. పడమర అనే వెస్ట్‌కు పెదవులు గుండ్రంగా చుట్టాలి, బనియన్ అనే వెస్ట్‌కు పై పళ్లు కింది పెదవికి తాకాలి. అద్దం ముందు ఇద్దరూ పలికి చూడండి.

నీకు ఇంగ్లీషు రాదని వెనక్కి తగ్గకు. బడిలో ఇచ్చిన పుస్తకంలో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉంటే, తెలుగు పక్క నువ్వు చదువు, ఇంగ్లీషు పక్క బిడ్డ చదువుతాడు. ఇవాళ అన్నాలయ్యాక నోట్సు తెరిచి ఒక్క మాటతోనే మొదలుపెట్టు, తిట్టకుండా.