రాని బిట్‌కి ఏం పెట్టాలి?

మా జవహర్‌నగర్‌లో పక్కింటి తమ్ముడు ఇంటర్ సెకండియర్, ఈఏపీసెట్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. మొన్న గేటు దగ్గర ఆపి అడిగాడు: “అన్నా, రాని బిట్‌కి ఏం పెట్టాలె?”

నవ్వొచ్చింది కానీ ప్రశ్న మంచిదే. ముందు లెక్క చూద్దాం.

ఈఏపీసెట్ ఇంజనీరింగ్‌లో 160 బిట్లు, నెగెటివ్ మార్కులు లేవు. చదవకుండా అన్నిటికీ గుడ్డిగా పెట్టినా సగటున 40 వస్తాయి. క్వాలిఫై కావడానికి చాలామందికి కావాల్సింది 25 శాతం, అంటే అదే 40! జేఈఈ మెయిన్‌లో ఒప్పుకి 4 వస్తాయి, తప్పుకి 1 పోతుంది. నాలుగు బిట్లు గుడ్డిగా పెడితే సగటున ఒకటి ఒప్పు, మూడు తప్పు. 4లో 3 పోతే 1 మిగులుతుంది. గేట్‌లో ఒక మార్కు బిట్ తప్పైతే మూడోవంతు పోతుంది. అక్కడ అదే లెక్క వేస్తే మిగిలేది సున్నా.

కాబట్టి ఈఏపీసెట్‌లో ఏదీ వదలొద్దని చెప్పా. కానీ అది సగం జవాబే.

పుస్తకాల్లో దీన్ని బహుళైచ్ఛిక ప్రశ్న అంటారు. ఇందులో అసలు సరుకంతా తప్పు ఆప్షన్లలోనే ఉంటుంది. ఉదాహరణకి, సీ లాంగ్వేజ్‌లో 7ని 2తో భాగిస్తే ఎంత? రెండూ పూర్ణాంకాలే. ఆప్షన్లు: 3.5, 4, 3, ఎర్రర్. జవాబు 3. 3.5 పెట్టినవాడు ఇంకా మ్యాథ్స్ క్లాసులోనే ఉన్నాడు. 4 పెట్టినవాడు దగ్గరి అంకెకి సర్దేశాడు. ఎర్రర్ అన్నవాడు పూర్ణాంకాల భాగహారం కుదరదనుకున్నాడు. మనం ఎక్కడ తప్పుతున్నామో ఆ మూడే చెప్తాయి.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. పాయింటర్ల బిట్లన్నీ కరెక్ట్‌గా పెట్టిన నేను, ల్యాబ్‌లో లింక్డ్ లిస్ట్ రాయమంటే ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చున్నా. అక్కడ ఏ, బీ, సీ, డీ లేవు మరి! జవాబు కనబడితే గుర్తుపట్టడం వేరు, సొంతంగా రాయడం వేరు.

అప్పట్నుంచి మూడు పనులు చేస్తున్నా. ఆప్షన్లు చేత్తో మూసి ముందు నా జవాబు రాస్తా. తర్వాత మిగతా మూడూ ఎందుకు తప్పో ఒక్కో లైన్ రాస్తా. చాప్టర్ అయ్యాక నేనే ఒక బిట్ తయారుచేస్తా. నమ్మేలా ఉండే మూడు తప్పులు రాయాలంటే పాఠం నిజంగా రావాలి.

ఇవే తమ్ముడికీ చెప్పా. నిన్న వాడు తయారుచేసిన బిట్ ఒకటి ఫోన్‌కి పంపాడు. సరిగ్గా చదవకుండానే జవాబు పెట్టేశా.

తప్పు.