విమానంలో ఏ సీటు ఆరోగ్యకరం?

విదేశాలలో స్థిరపడిన బిడ్డలను చూడబోయే తల్లిదండ్రులు నేడు చిన్న ఊళ్లలో సైతం ఉన్నారు. హైదరాబాదు నుండి అమెరికా చేరేసరికి దాదాపు ఒక పగలు, ఒక రాత్రి గడుస్తాయి. పచ్చళ్లు, పొడులు శ్రద్ధగా సర్దుకునేవారు కూడా తాము కూర్చునే చోటును గురించి ఆలోచించరు. కిటికీ ప్రక్క సీటు దొరికితే చాలునని సంతోషిస్తారు. ఆరోగ్యరీత్యా అది అందరికీ హితకరం కాదు.

శరీరంపై ప్రభావం: ఆకాశంలో విమానం లోపలి గాలి పీడనం 6,000 నుండి 8,000 అడుగుల ఎత్తుగల కొండపై ఉన్నట్లుంటుంది. గాలిలో తేమ సాధారణంగా 20 శాతం కంటే తక్కువ. ఈ రూక్షత వలన, ప్రయాణ చలనం వలన వాతం ప్రకోపిస్తుందని ఆయుర్వేద దృష్టి. నోరు, చర్మం ఎండిపోవడం, కడుపు ఉబ్బరం దీని లక్షణాలు.

నడవ ప్రక్క సీటు: వృద్ధులకు, గర్భిణులకు, మధుమేహ రోగులకు, కాళ్లలో నరాలు ఉబ్బినవారికి ఇదే శ్రేష్ఠం. 4 గంటలకు మించి కదలక కూర్చుంటే కాలి సిరలలో రక్తం గడ్డకట్టే అవకాశం రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. ఈ ప్రమాదం అరుదే అయినా, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాంతకం. కిటికీ ప్రక్కనున్నవారు తోటివారిని లేపలేక మూత్రాన్ని ఆపుకుంటారు. ఆ భయంతో నీరు త్రాగడమూ మానుతారు. ఆపరాని 13 వేగాలను చరకసంహిత సూత్రస్థానం 7వ అధ్యాయం పేర్కొన్నది. మూత్రవేగం వాటిలో ఒకటి.

రెక్కల వద్ద సీటు: ప్రయాణంలో వాంతులయ్యేవారికి ఇది మేలు. విమానం తూగినప్పుడు మధ్యభాగంలో కుదుపు తక్కువ, తోకవైపు ఎక్కువ. బయలుదేరే ముందు చిన్న అల్లం ముక్కను ఉప్పుతో నమిలితే వికారం తగ్గుతుంది. రక్తం పలుచబడే మందులు వాడేవారు మాత్రం వైద్యుని అడగాలి.

కిటికీ ప్రక్క సీటు: నిద్ర ముఖ్యమనుకునే ఆరోగ్యవంతులకు, స్వల్ప ప్రయాణాలకు తగినది.

అత్యవసర ద్వారం వద్ద కాళ్లు చాపుకొనే చోటు ఎక్కువైనా, వృద్ధులకు, గర్భిణులకు, పిల్లలకు అక్కడ సీటు ఇవ్వరు.

పాటించవలసినవి: గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయాలి. కూర్చున్నప్పుడు పాదాలను పైకి, క్రిందికి ఆడించాలి. గోరువెచ్చని నీరు కొద్దికొద్దిగా త్రాగాలి. మితంగా భుజించాలి; మద్యం వర్జించాలి.

ప్రయాణానంతరం ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఆయాసం, ఛాతీనొప్పి కలిగినా కాపడాలతో, తైలమర్దనంతో కాలయాపన చేయరాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. టిక్కెట్టు కొనేనాడే పెద్దలకు నడవ ప్రక్క సీటు కోరడం బిడ్డలు చేయదగిన చిన్న సేవ.