బలం వేరు, సామర్థ్యం వేరు: పాత జీపు నేర్పే పాఠం

బలం, శక్తి, సామర్థ్యం. మాటల్లో ఈ మూడింటినీ మనం ఒకే అర్థంలో వాడేస్తాం. పద్యంలో అయితే గణానికి ఏది సరిపోతే అది వేసుకోవచ్చు, భావం చెడదు. భౌతికశాస్త్రంలో మాత్రం ఆ వీలు లేదు. అక్కడ మూడూ మూడు వేరు వేరు సంగతులు. ఈ తేడా పట్టించుకోకపోతే బండి ఉన్నవాళ్ళకి చేతి చమురు వదులుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదకే వస్తుంది. ఎలాగంటారా?

"పాత పెట్రోలు బండి, ట్రైలరు కడితే లాగలేకపోతోంది, ఏం చెయ్యాలి?" అని అడిగి చూడండి. పదిమందిలో తొమ్మిదిమంది "ఇంజను మార్పించెయ్" అంటారు. ఈ జవాబు ఎంతవరకు సరైనదో తేల్చడానికి జీపు చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది. లెక్కలు నేను కట్టి చూశాను. మీరూ ఓ కాగితం, పెన్సిలు తీసుకోండి.

ముందు మాటలు తేల్చుకుందాం

ఇంజను చేసే పని ఒక కడ్డీని తిప్పడం. ఆ తిప్పే బలాన్ని టార్క్ అంటారు. ఈ వ్యాసం మట్టుకు దాన్ని "తిప్పుబలం" అందాం. ఒక అడుగు పొడవున్న పానా చివర 105 పౌన్ల బరువు, అంటే సుమారు 48 కిలోలు, వేలాడదీస్తే నట్టు మీద ఎంత మెలి పడుతుందో అది 105 అడుగు-పౌన్ల తిప్పుబలం.

సామర్థ్యం అంటే ఆ పని ఎంత వేగంగా జరుగుతోంది అన్నది. బావి దగ్గర ఇద్దరు ఒకే బరువున్న బిందె తోడుతున్నారు. ఒకామె నిమిషానికి ఒకటి, ఇంకొకామె రెండు తోడింది. తాడు మీద పెట్టిన బలం ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే, రెండో ఆమె సామర్థ్యం రెట్టింపు. ఇంజనులో ఈ సామర్థ్యాన్ని హార్స్ పవర్‌లో చెబుతారు. తిప్పుబలాన్ని నిమిషానికి తిరిగే చుట్లతో గుణించి 5,252తో భాగిస్తే హార్స్ పవర్ వస్తుంది.

రెండు జీపులు, ఒకటే ఇంజను

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లిస్ కంపెనీ చేసిన జీపు పేరు ఎం.బి. దాని ఇంజను నాలుగు సిలిండర్లది, 2,199 సి.సి. నిమిషానికి 4,000 చుట్ల దగ్గర 60 హార్స్ పవర్, 2,000 చుట్ల దగ్గర 105 అడుగు-పౌన్ల తిప్పుబలం. పైన చెప్పిన సూత్రంలో వేసి చూస్తే 2,000 చుట్ల దగ్గర 40 హార్స్ పవరే వస్తుంది. అంటే ఈ ఇంజను బాగా లాగేది ఎక్కువ హార్స్ పవర్ ఉన్నచోట కాదు, నెమ్మదిగా తిరిగేచోట.

1945లో యుద్ధం ముగిసింది. అదే కంపెనీ రైతుల కోసం సి.జె.-2ఎ అనే జీపు తెచ్చింది. నాగలి లాగాలి, ట్రైలరు లాగాలి. మరి ఇంజను పెంచారా? లేదు, అదే 60 హార్స్ పవర్ ఇంజను ఉంచి పళ్ళచక్రాల లెక్క మార్చారు.

సైన్యం జీపు ఇరుసులో క్రౌనుకి 39 పళ్ళు, పినియనుకి 8. నిష్పత్తి 4.88. రైతు జీపులో క్రౌనుకి 43 పళ్ళు, పినియనుకి అదే 8. నిష్పత్తి 5.38. మొదటి గేరు 2.67 నుంచి 2.8 అయింది. ట్రాన్స్‌ఫర్ కేసులోని లో గేరు 1.97 నుంచి 2.43 అయింది. లో గేరులో, మొదటి గేరులో ఉన్నప్పుడు ఈ మూడింటినీ గుణించాలి:

సైన్యం జీపు: 2.67 × 1.97 × 4.88 = సుమారు 25.7
రైతు జీపు: 2.8 × 2.43 × 5.38 = సుమారు 36.6

ఇంజను ఇచ్చే 105ని వీటితో గుణిస్తే చక్రాల దగ్గర మొదటిదానికి సుమారు 2,700, రెండోదానికి 3,840 అడుగు-పౌన్లు. రాపిడిలో పోయేది ఇందులో లెక్కపెట్టలేదు. ఇంజను మీద చెయ్యి వెయ్యకుండా నూటికి 42 వంతులు పెరిగిందన్నమాట!

ఊరికే వచ్చిందా? రాలేదు. సామర్థ్యం అదే 60 దగ్గర ఉంది. బలం పెరిగినంత మేర వేగం తగ్గింది. ఇంజను 2,000 చుట్లు తిరుగుతుంటే లో మొదటి గేరులో సైన్యం జీపు గంటకి పది కిలోమీటర్లు నడిస్తే, రైతు జీపు ఏడు కిలోమీటర్లే నడుస్తుంది. నాగలికి ఆ నడక చాలు.

ఇంజను మారిస్తే ఎంత?

1953లో వచ్చిన సి.జె.-3బి జీపులో ఇంజనే మార్చారు. సిలిండరు కొలతలు అవే. గాలి, పెట్రోలు లోపలికి వచ్చే వాల్వుని పక్క నుంచి తలమీదకి తెచ్చారు. ఇంజను ఎత్తు పెరిగి బానెట్ కూడా పైకి లేపాల్సి వచ్చింది. మహీంద్రా వాళ్ళు మన దేశంలో తయారుచేసింది ఈ ఎత్తు బానెట్ జీపునే. ఇంత చేస్తే హార్స్ పవర్ 60 నుంచి 72 అయింది, తిప్పుబలం 105 నుంచి 114 అయింది. అంటే నూటికి 9 వంతులు. ఇరుసులో 39 పళ్ళ క్రౌను తీసి 43 పళ్ళది పెడితే ఏ గేరులో ఉన్నా నూటికి 10 వంతులు పెరుగుతుంది. ఇంజను మార్పు దండగని కాదు. అది వేగం తగ్గించకుండా బలం ఇస్తుంది. కానీ లాగడమే మన అవసరమైతే ముందు చూడాల్సింది ఇరుసుని.

అసలు పని ఏ వరుసలో చెయ్యాలి?

ఒకటి: పోయినదాన్ని తిరిగి రాబట్టుకోవాలి. పాత ఇంజను తన 105ని ఇప్పుడు ఇస్తోందా? కంప్రెషన్ కొలిపించాలి. ఒక సిలిండరులో తక్కువ చూపిస్తే చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్ళీ కొలవాలి. పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వులు చూసుకోవాల్సినట్టు. టైమింగు, కార్బురేటరు, రేడియేటరు కూడా ఇప్పుడే సరిచెయ్యాలి. బరువు లాగేటప్పుడు ఇంజను ముందుగా ఓడిపోయేది వేడికే.

రెండు: టైర్లు. అందం కోసం పెద్ద టైర్లు వేయిస్తుంటారు. 28 అంగుళాల టైరు తీసి 31 అంగుళాలది వేస్తే 5.38 ఇరుసు 4.86 ఇరుసుతో సమానం అయిపోతుంది. అంటే రైతు జీపుని చేజేతులా సైన్యం జీపు చేసుకున్నట్టే.

మూడు: ఇరుసు పళ్ళు. నాలుగు చక్రాలకీ బలం అందే బండిలో ముందు ఇరుసు, వెనక ఇరుసు రెండూ ఒకే నిష్పత్తిలో మార్పించాలి. ఒక్కటే మారిస్తే రెండూ ఒకదాన్నొకటి పీక్కుని మధ్యలో ఏదో ఒకటి విరుగుతుంది.

నాలుగు: ఇవన్నీ అయ్యాకే ఇంజను.

ఎంత పెంచినా ఒక హద్దు ఉంది. రైతు జీపు 3,840 అడుగు-పౌన్లు టైరు అంచు దగ్గర సుమారు 1,490 కిలోల లాగుడు అవుతుంది. జీపు బరువేమో దాదాపు టన్ను. నేలకి అంత పట్టు ఉండదు కాబట్టి చక్రం జారి ఊరికే తిరుగుతుంది.

ప్రాణం మీదకి వస్తుందన్నది ఇక్కడే. పళ్ళు మారిస్తే లాగుడు పెరుగుతుంది గానీ బ్రేకు పెరగదు. జీపు బ్రేకులు జీపుని ఆపడానికి చేసినవి. ఎత్తుకి లాక్కెళ్ళగలిగిన బరువుని పల్లంలో ఆపగలగడం వేరే సంగతి. అందుకని బరువైన ట్రైలరుకి దాని బ్రేకులు దానికి ఉండి తీరాలి. దిగేటప్పుడు గేరు తీసేసి వదిలెయ్యకూడదు. గేరులో ఉంటే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది, ఎక్కేటప్పుడు బలాన్ని పెంచిన పళ్ళే ఆ పట్టునీ పెంచుతాయి. కాబట్టి ఘాటు ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి.