షాకు బండి కొనేముందు

కంచరపాలెం, విశాఖపట్నం



మనవడా, నువ్వు రంగూన్ నుంచి పంపిన నాలుగు సైకిళ్ళ ఫొటోలూ చూశాను. ఫోనులోనే మాట్లాడదామంటే నీకు కరెంటు ఉన్నప్పుడు నేను నిద్రలో ఉంటున్నాను, నేను లేచేసరికి నీకు కరెంటు పోతోంది. అందుకే కాగితం మీద రాసి, దాన్ని ఫొటో తీయించి పంపుతున్నాను. నీకు తెలుగు మాట్లాడ్డమే గాని చదవడం రాదని తెలుసు. మీ నానమ్మ చేత, అంటే మా అక్క చేత చదివించుకో. అక్కకి షాకులూ బేరింగులూ ఏం తెలుస్తాయి పాపం! అందుకని నీ ఫొటోలు ప్రింటు తీయించి వాటి మీద ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టాను. ఆవిడ చదువుతుంటే నువ్వు ఆ సున్నాలు చూసుకుంటూ విను.

మా నాన్న, అంటే మీ ముత్తాత, రంగూన్ లమ్మడాలో సైక్కా, అంటే సైకిలు రిక్షా, తొక్కేవాడు. అద్దె బండి. పొద్దున్నే షెడ్డుకి వెళ్ళి వరసలో ఉన్న ఒక్కో బండి ముందు చక్రాన్ని జానెడు పైకెత్తి వదిలేవాడు. తల పక్కకి వంచి ఆ చప్పుడు వినేవాడు. ‘ధబ్బు’మంటే తీసుకునేవాడు, ‘టక్కు టక్కు’మంటే పక్క బండి దగ్గరికి వెళ్ళేవాడు. ఎర్ర రంగుది తీసుకో నాన్నా అని నేను మారాం చేస్తే, ‘రంగు తొక్కుతావట్రా?’ అనేవాడు. 1964 మే నెలలో బర్మా ప్రభుత్వం 50, 100 చాట్ నోట్లు చెల్లవన్నప్పుడు ఆయన దాచుకున్నదంతా ఆ నోట్లలోనే ఉంది. అక్క అప్పటికే పెళ్ళయి అక్కడే ఉండిపోయింది, మేం ఓడెక్కి వచ్చేశాం. ఇక్కడికొచ్చాక నాన్న నోట్లు దాచడం మానేశాడు. నాలుగు రూపాయలు మిగిలితే ఓ స్పానరు కొనేవాడు. ఆ స్పానర్లతోనే నేను ఈ సైకిలు షాపు యాభై ఏళ్ళు నడిపాను.

ముందు ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఈ బండి ఎక్కడ తొక్కుతావు? వారం వారం దలా రేవు దాటి పొలం గట్లు, త్వాంటే కుమ్మరి వాడల దాకా వెళ్ళి రావడం ఒకటి చెప్పావు. దలా వంతెన మీ ఫోంజీ వీధి నుంచే కాబట్టి పడవ బాధ కూడా ఉండదన్నావు. అదంతా పల్లం నేల. ఎగుడుదిగుళ్ళు లేవు, ఉన్నది బురద. కుదుపులు మింగే వెనక షాకు దానికి దేనికి? ముందు షాకు ఫోర్కు ఒక్కటే ఉన్న బండి అదే డబ్బుకి రెట్టింపు మంచిది దొరుకుతుంది, కడగడం తేలిక, ఆడే భాగాలు తక్కువ. మీ రంగూన్‌లో పడే వాన ఏడాదికి దాదాపు 2,700 మిల్లీమీటర్లు, మా విశాఖకి రెండున్నర రెట్లు. ఆ తడి ముందుగా తినేది వెనక భాగాన్ని కదిలించే బేరింగుల్నే.

కాదు, నా స్నేహితులతో కలా కొండలకి వెళ్తాను, అక్కడ రాళ్ళ బాటలు అంటావా, సరే. నీ వయసులో నేనైనా వినను. అయితే నీ దగ్గరున్న డబ్బుని మూడు వాటాలు చెయ్యి. రెండు వాటాలే బండికి. మూడోది ముట్టుకోకు. వాడిన షాకు బండి ఎంత బాగున్నా మొదటి నెలలోనే చైను, బ్రేకు ప్యాడ్లు, సీళ్ళు, ఒకటో రెండో బేరింగులు అడుగుతుంది. సామాను బ్యాంకాక్ నుంచో సింగపూర్ నుంచో ఎవరో ఒకరు సంచీలో పెట్టుకు తేవాలి కదా. మూడు వాటాలూ బండికే పోసేస్తే అది మీ అయిదో అంతస్తు మెట్ల దగ్గర బట్టలారేసుకునే దండెం అవుతుంది.

మెట్లంటే గుర్తొచ్చింది. మీ బిల్డింగుకి లిఫ్టు లేదు. పాల ప్యాకెట్టయితే బాల్కనీలోంచి తాడు వదిలి లాక్కుంటారు, సైకిలుని లాగలేరు. ఆ ఇరుకు మెట్ల మీద భుజాన వేసుకుని మొయ్యాలి. అల్యూమినియం ఫ్రేము ఉన్న మంచి షాకు బండి పధ్నాలుగు కిలోల దగ్గర తూగుతుంది. నువ్వు పంపిన మొదటి ఫొటోలోది పద్దెనిమిదికి తక్కువుండదు.

ఆ మొదటిదాని సంగతి చెప్తాను. లావు స్ప్రింగు, దాని మీద మెరిసే ఎర్ర రంగు, చూడ్డానికి కొండ బండే. మీ ఊళ్ళో అమ్మే పాత జపాను సైకిళ్ళలో ఇలాంటివి చాలా ఉంటాయి. సీటు కింద నిలువు గొట్టం దగ్గర నేను సున్నా చుట్టిన చోట జపాను అక్షరాల స్టిక్కరు ఉంది. ఫోను కెమెరాతో దాన్ని తర్జుమా చేయించి చూడు. ‘చెడ్డ దారుల్లో తొక్కరాదు’ అన్న అర్థం రావడానికే ఎక్కువ అవకాశం. కొండ సైకిలు రూపంలో తయారుచేసి, కొండ మీద మాత్రం తొక్కొద్దని తయారుదారే అంటించే బళ్ళు జపానులో ఓ పెద్ద జాతి. ఆ స్ప్రింగు లోపల నూనె లేదు, ఎగిరిందాన్ని ఆపేదేమీ లేదు. గుంతలో పడితే నిన్ను పైకి విసురుతుంది. అలాంటివాటి కీళ్ళలో బేరింగులు ఉండవు, బోల్టు చుట్టూ ప్లాస్టిక్ బుష్షు ఉంటుంది. ధర ఎంత తక్కువైనా అది దండగే. పక్కనున్న ఇంకో చిన్న స్టిక్కరు పోలీసు నమోదు నంబరు. జపానులో 1994 నుంచి ప్రతి సైకిలుకీ ఆ నమోదు తప్పనిసరి. దాన్ని చూసి భయపడక్కర్లేదు, బండి ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబుతుంది, అంతే.

రెండోది నిజమైన కొండ బండే. 26 అంగుళాల చక్రాలు, గాలి షాకు. 26 అంగుళాలంటే పాతదని నవ్వేవాళ్ళుంటారు. పెద్ద కంపెనీలు 2013, 14 ప్రాంతంలో దాన్ని వదిలేసి 27.5కీ 29కీ వెళ్ళిపోయిన మాట నిజం. కాని మీ వీధిలో పంచరు కుర్రాడి దగ్గర దొరికే ట్యూబు ఏదో చూడు. ఆ పాత చక్రమే నిన్ను ఆదుకునేది. నా దిగులు చక్రం గురించి కాదు, షాకు గురించి.

పదేళ్ళ కిందట ఇలాంటిదే ఒకటి నేనే కొన్నాను. ఒక డాక్టరుగారి అబ్బాయి అడిగాడు. పాత సరుకు తెప్పించే ఒకాయన ఫొటో చూపిస్తే నేను బండి పట్టుకోకుండానే డబ్బు పంపాను. ఇంత వయసొచ్చి నేనూ రంగే చూశాను. బండి వచ్చింది, షాకు గాలి నిలబెట్టుకోదు. సరే, కొత్త షాకు వేద్దామని కొలిస్తే ఏ కొలతకీ అందలేదు. ఆ కంపెనీ ఆ ఒక్క మోడలు కోసం చేయించుకున్న షాకు అది, తయారీ ఎప్పుడో ఆపేశారు. ఎనిమిది నెలలు మా షాపు కప్పు కొక్కేనికి వేలాడింది. ఆ డాక్టరుగారి అబ్బాయి చదువుకి వెళ్ళిపోయాడు.

అందుకే షాకు మీద రాసిన అంకెలు చూడమంటున్నాను. రెండు చివర్ల కన్నాల మధ్య దూరం ఒకటి, లోపలికి ఎంత దిగుతుందన్నది రెండోది, రెండూ మిల్లీమీటర్లలో. పాత కొలతల్లో 190×50, 200×57 మామూలుగా దొరికేవి. 2016 నుంచి కొత్త కొలతలు వచ్చాయి, 210×50, 230×60 లాంటివి. మూడు మిల్లీమీటర్లు తేడా ఉన్నా ఒకదాని చోట ఇంకోటి కూర్చోదు. ఈ రెండో బండి షాకు ఆకారం కొంచెం విచిత్రంగా, పక్కన ఇంకో చిన్న డబ్బాతో ఉంది. ఆ కంపెనీకే ప్రత్యేకమైనదేమోనని అనుమానం. అలాగే ఎక్కడైనా ఒంటి కాలు ఫోర్కు బండి కనబడితే, కానన్‌డేల్ వాళ్ళ లెఫ్టీ, ముచ్చటపడి చూసి వచ్చెయ్. మంచి వస్తువే, కాని దాన్ని విప్పి బాగుచేసేవాడు నీ ఊళ్ళో ఉండాలి.

నాలుగోది నేను పైన చెప్పినట్టు వెనక షాకు లేని బండి. నువ్వే పంపావు గాని నాకోసం పంపినట్టుంది. దాన్ని అమ్మేసుకోవద్దని వాళ్ళకి చెప్పి ఉంచు, నా మర్యాద కోసమైనా.

ఇక మూడోది. జెయింట్ ట్రాన్స్, 27.5 చక్రం, అంటే 2014 మోడలో ఆ తరవాతిదో. రంగు గీసుకుపోయింది, సీటు చిరిగింది, చూడగానే మొహం తిప్పుకునేలా ఉంది. అందుకే నాకు నచ్చింది. వెళ్ళి చూడు. వెళ్ళేటప్పుడు ఓ మెత్తని గుడ్డ, టార్చి, షాకుకి గాలి కొట్టే చిన్న పంపు పట్టుకెళ్ళు. మామూలు సైకిలు పంపు పనికిరాదు, షాకులో గాలి 150, 200 పౌన్ల ఒత్తిడిలో ఉంటుంది. ఎవరి దగ్గరైనా అడిగి తీసుకో.

వాన పడే రోజు వెళ్ళకు. తడిసిన బండి కొత్తదానిలా మెరుస్తుంది, గీతలు కనబడవు.

అమ్మేవాడు మాట్లాడుతుంటే మాట్లాడనీ. నువ్వు సీటు పట్టుకుని వెనక చక్రాన్ని వెంట్రుకవాసి పైకి లేపి వదులు, మళ్ళీ లేపు. అదే మీ ముత్తాత చేసిన పని. టక్కుమంటే వెనక ఎక్కడో ఆడుతోందన్నమాట. ఎక్కడో కనిపెట్టాలి. స్నేహితుణ్ణి లేపి వదలమని, నువ్వు ఒక్కో కీలు సందు మీద వేలు పెట్టి ఉంచు. కదలిక వేలికి తెలుస్తుంది. షాకు రెండు చివర్లలో ఆడితే అది చిన్న బుష్షు, చవక. ఫ్రేము కీళ్ళ దగ్గర ఆడితే బేరింగులు పోయాయి. అదొక్కటే పోతే ఖర్చు భరించొచ్చు. కాని పోయిన బేరింగుతో చాలా కాలం తొక్కి, అది కూర్చునే గూడే అరిగిపోయిందనుకో, ఆ ఫ్రేము ఇక అంతే. కీలు బోల్టు విప్పి చూపించమను. ఒప్పుకోకపోతే కారణం నువ్వే ఊహించుకో.

తరవాత షాకులో గాలి నెమ్మదిగా వదిలి, సీటు మీద చెయ్యి పెట్టి వెనక భాగాన్ని కిందికీ పైకీ కదుపు. వెన్నలో వేలు దిగినట్టు పోవాలి. మధ్యలో ఇసక నలిగినట్టు అనిపిస్తే లోపల తుప్పు. మళ్ళీ గాలి కొట్టి దాని మీద కూర్చో. షాకు కడ్డీ మీద చిన్న రబ్బరు రింగు ఉంటుంది, దాన్ని పైకి తోసి, కూర్చుని, మెల్లిగా దిగు. రింగు ఎంత దూరం జరిగిందో అంతే నీ బరువుకి దిగినది. మొత్తం దిగుడులో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోపు ఉండేలా గాలి సరిచేసుకో. అరగంట టీ తాగి వచ్చి మళ్ళీ కూర్చో. రింగు ఇంకా కిందికి పోయిందంటే గాలి కారుతోంది. ఆ అరగంట ఓపిక పట్టలేకే చాలామంది మోసపోతారు. కదిపేటప్పుడు పిల్లి పాలు నాకినట్టు జుర్రు జుర్రుమని వినబడితే నూనెలో గాలి కలిసింది, సర్వీసు చేయించాలి.

ముందు ఫోర్కు గొట్టాలని గుడ్డతో తుడిచి గోరుతో పైనుంచి కిందికి గీకు. గోరు ఎక్కడైనా తట్టుకుంటే ఆ గీత ప్రతి దిగుడుకీ సీలుని కోస్తుంది, నూనె కారుతుంది. సీలు మార్చినా మళ్ళీ కోస్తుంది. అక్కడితో ఆగిపో.

పగుళ్ళ కోసం టార్చి వెయ్యి. హ్యాండిలు గొట్టానికి కింది గొట్టం అతికిన చోట, సీటు గొట్టం పై అతుకులో, ప్రతి కీలు చుట్టూ. వెంట్రుకలాంటి గీత కనబడితే గుడ్డతో తుడువు. మట్టయితే పోతుంది. పోకపోతే రంగే పగిలిందో అల్యూమినియమే పగిలిందో తేల్చుకోడానికి నువ్వు డబ్బు పెట్టక్కర్లేదు. ఒక్క గొట్టానికే కొత్త రంగు ఉంటే ఆ గొట్టం దేన్ని దాచిందో అడుగు. కింద పెడళ్ళ ఇరుసు అడుగున నంబరు చెక్కి ఉంటుంది. దాన్ని ఆకురాయితో అరగదీసి ఉంటే మారుమాట్లాడకుండా వచ్చెయ్.

చైను, పళ్ళచక్రాలు, చువ్వలు నీకు తెలిసినవే. కొత్త చైనులో పన్నెండు జతల లింకులు సరిగ్గా పన్నెండు అంగుళాలు. స్కేలు పెట్టి చూడు. అంగుళంలో ఎనిమిదో వంతు సాగితే చైనుతో పాటు వెనక పళ్ళచక్రాలూ మార్చాలి, ధర తగ్గించమను. బ్రేకు నూనె ఏదో అడుగు. షిమానో అయితే మినరల్ ఆయిలు. శ్రామ్ పాతవాటిలో డాట్ నూనె, అది గాలిలో తడిని పీల్చుకుంటుంది, మీ వానాకాలంలో మరీ. ఒకదానిలో ఇంకోటి పోస్తే సీళ్ళు ఉబ్బి పాడైపోతాయి, ఆ తెలివితక్కువ పని ఎవరైనా చేశారేమో కనుక్కో. జపాను బండయితే కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది, అలవాటు లేకపోతే మొదటి రోజే బోర్లా పడతావు.

కొన్నాక స్ట్రాండ్ రోడ్డు మీద పెద్ద పోటుకి నది నీళ్ళు నిలిచినప్పుడు దానిలోంచి తోలుకు రాకు. వస్తే ఆ రాత్రే కడిగి ఆరబెట్టు. షాకునీ ఫోర్కునీ ప్రతి యాభై గంటల తొక్కుడుకీ విప్పి సీళ్ళు శుభ్రం చేసి నూనె పట్టించాలి. నువ్వే నేర్చుకో, నేను వీడియో కాల్లో చూపిస్తాను, కరెంటు ఉంటే.

నానమ్మని బేరానికి తీసుకెళ్ళకు. ఆవిడ అమ్మేవాడికి పిల్లలెంతమందో అడిగి జాలిపడి అడిగినంతా ఇప్పించేస్తుంది. అక్కా, ఇది చదివేటప్పుడు వదిలెయ్యకు, గట్టిగా చదువు.

రేపు ఆ మూడో బండి షాకు మీద అంకెలు, కీళ్ళ దగ్గర ఫ్రేము, అడుగున చెక్కిన నంబరు ఫొటో తీసి పంపు. అవి నేను చూసేదాకా అడ్వాన్సు ఇవ్వకు.

మీ తాతయ్య