బూదపురం కవయిత్రి కుప్పాంబిక

తెలుగు కవయిత్రి ఎవరని అడిగినంతనే మనలో చాలమంది మొల్ల పేరు చెప్పుదురు. కొంచెము లోతుగా చదివినవారు తాళ్ళపాక తిమ్మక్కను, ఆమె ‘సుభద్రా కల్యాణము’ను తలచుకొందురు. తిమ్మక్కకు సుమారు రెండు వందల ఏండ్లకు పూర్వమే, పదమూడవ శతాబ్దిలో, మన పాలమూరు నేలపై పద్యము చెప్పిన కుప్పాంబిక పేరు మాత్రము మన తరగతి గదులలో అరుదుగా వినిపించును. పలువురు పరిశోధకులు ఆమెనే తొలి తెలుగు కవయిత్రిగా భావించుచున్నారు.

కుప్పాంబిక గోన వంశపు ఆడపడుచు. కాకతీయులకు సామంతులైన ఈ గోనవారికి వర్ధమానపురము, అనగా నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని నందివడ్డెమాను, రాజధాని. తండ్రి గోన బుద్ధారెడ్డి ద్విపదలో రంగనాథ రామాయణమును రచించినాడు. దాని కర్తృత్వముపై పండితులు చాలాకాలము వాదించుకొన్నారు గాని, కావ్యావతారికలో కనిపించు పేరు బుద్ధారెడ్డిదే. ఉత్తరకాండను ఆయన కుమారులు కాచభూపతి, విఠలరాజు పూర్తిచేసినారు. తండ్రియు కవి, సోదరులును కవులు. ద్విపద పాడుకొనుటకు అనువైన ఛందస్సు. దానిని వినుచు పెరిగిన బాలికకు కవిత అబ్బుటలో వింత లేదని మేము తలంచుచున్నాము.

ఆమె భర్త మల్యాల గుండయ, కాకతీయుల సేనానులలో ఒకడు. రాణి రుద్రమదేవి పాలనాకాలమున, 1276లో, కుప్పాంబిక బూదపురములో శాసనము వేయించినది. ఆ బూదపురమే నేటి భూత్పూరు. మహబూబ్‌నగర్‌కు సమీపమున, హైదరాబాదు నుండి కర్నూలు పోవు రహదారిపై ఉన్నది. ఆ దారిన బస్సులో పోవునపుడు మనలో ఎందరము కిటికీలోనుండి ఆ ఊరిని ఆ దృష్టితో చూచినాము? భర్త పేరిట శివాలయ ప్రతిష్ఠ చేసిన ఇల్లాలిగా శాసనము ఆమెను మనకు చూపుచున్నది. ఆమెలోని కవయిత్రిని మాత్రము మనము మరొకచోట వెదకవలెను.

ఇంగ్లండులో మేరీ సిడ్నీ అను ప్రభుకుటుంబపు స్త్రీ కలదు. 1561లో జన్మించి పెంబ్రోక్ ప్రభువును వివాహమాడినది. సోదరుడు ఫిలిప్ 1586లో మరణించునాటికి బైబిలులోని 150 కీర్తనలలో 43 మాత్రమే అనువదించి యుండగా, మిగిలిన 107 ఆమె పూర్తిచేసినది. ఆమెయు కవుల యింటి ఆడపడుచే. అయితే ఆమె కృతులు వ్రాతప్రతులలోను, అచ్చులోను నిలిచి నేటికిని పాఠ్యాంశములగుచున్నవి. అంతకు మూడు వందల ఏండ్ల ముందటి మన కుప్పాంబికకు ఆ భాగ్యము లేదు. ఒక ప్రాచీన పద్య సంకలనములో చేరుటచేత ఆమె పద్యము ఒక్కటి మాత్రము మనకు దక్కినది.

ఆ ఒక్క పద్యములో దేవతాస్తుతి లేదు, వంశప్రశస్తి లేదు. లేతవయస్సులో మన్మథ బాణములకు గురియైన ఒక యువతి అందు మాటలాడును. ఆ బాధ వర్ణింప నలవికాదు, మనస్సుకు ధైర్యము రాదు, చెలులతోనైన చెప్పుకొందమన్న సిగ్గు అడ్డుపడును. చివరకు పావనమైన వంశము స్వతంత్రము నీయదని, తన వాంఛలు తుదముట్టునాయని ఆమె వాపోవును. సామంతుని కుమార్తె, సేనాని భార్య, ఆలయము ప్రతిష్ఠించిన దొరసాని. ఇన్ని గౌరవములున్న స్త్రీ ఈ మాటను పద్యములో పెట్టినది.